తువ్వాలు కింది బేరం

నవంబరు 6, గురువారం

ఈ డైరీని ఎరువుల కొట్టు వాళ్ళు జనవరిలో ఇచ్చారు. అట్ట మీద మిరపకాయల బొమ్మ ఉంది. పది నెలలు అటక మీద పడి ఉంది. నాకు రాసుకునేంత పని ఎప్పుడూ పడలేదు. నాలుగో తరగతి సగంలో మానేసి మా నాన్న వెంట సంతలకు పోయాను. నలభై ఏళ్ళు ఎద్దుల బేరాలు చేశాను. ఒక్క కాగితం రాయలేదు, ఒక్క బేరం తప్పిపోలేదు.

ఇప్పుడు రాయాల్సి వచ్చింది. గురజాలలో ఖదీజా అని ప్లీడరమ్మ ఉంది. ఆమె గుమాస్తా వసీం ఫోనులో చెప్పాడు: "పెద్దాయనా, ఇరవయ్యో తారీకు మేడం దగ్గరికి రండి. ఈలోపు పాప మీ ఇంటికి ఎప్పుడొచ్చింది, ఎట్టా పెరిగింది, దత్తత ఎందుకు తీసుకుంటున్నారు, అన్నీ ఒక కాగితం మీద రాసుకొని తీసుకురండి." కాగితం మీద సరిగ్గా రావాలంటే ముందు ఇంకెక్కడో తప్పుగా రాయాలి. అందుకే ఇది. ఎవరికీ చూపించను. బియ్యం డబ్బా వెనక పెడతాను.

పాప అంటే నిఖిత. నా భార్య కుసుమ కూతురు. నా మొదటి ఆమె పోయాక ఆరేళ్ళు ఒంటరిగా ఉన్నాను. కుసుమ భర్త కూడా పోయాడు. పదేళ్ళ కిందట మేమిద్దరం గుళ్ళో దండలు మార్చుకున్నప్పుడు ఈ పిల్లకు ఐదేళ్ళు. నాకు వేరే పిల్లలు లేరు. ఇది ఇప్పుడు పదో తరగతి. డిసెంబరు మూడుకు పదిహేను నిండుతాయి. ఆ లోపే దత్తత కాగితం అయిపోవాలి, దాటితే చిక్కు అన్నాడు వసీం.

ఇంకొకటి కూడా అన్నాడు. ప్లీడరమ్మకు ఒక పద్ధతి ఉందట. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతుందట. పిల్ల ఒప్పుకుంటేనే కాగితం రాస్తుందట, లేకపోతే రాయదట.

ఒప్పుకుంటుంది. ఎందుకు ఒప్పుకోదు? నాతో మాట్లాడి పన్నెండు రోజులయింది, అంతే.

నవంబరు 7

మాట్లాడలేదు. ఆ వయసు ఆడపిల్లలు అంతే. బళ్ళో ఏమీ జరగలేదు.

నవంబరు 9, ఆదివారం

కాగితం మొదలుపెట్టాను. "అయ్యా" అని రాశాను. ప్లీడరమ్మ కదా, కొట్టేసి "అమ్మా" అని రాశాను. తర్వాత, "నా పేరు పుల్లయ్య. నాకు ఎవరి దయా అక్కర్లేదు." ఇది బాగా కుదిరింది కానీ దత్తత సంగతి రాలేదు.

మళ్ళీ రాశాను. "పిల్ల మా ఇంటికి వచ్చిన రోజే నా మీసం పట్టుకుని లాగింది. నేను అరిచాను. అది భయపడలేదు. మా ఊళ్ళో నేను అరిస్తే భయపడని మొదటి మనిషి అదే."

ఆ రోజు నుంచి నన్ను మీసాలు అని పిలవడం మొదలుపెట్టింది. నాన్న అనలేదు, తాత అనలేదు. మీసాలూ, అన్నానికి రా. మీసాలూ, నా చెప్పు తెగింది. మీసాలూ, నీ ఎద్దు నా నోటుపుస్తకం తినేసింది. కుసుమ దాన్ని కొట్టబోతే నేనే ఆపాను. ఊళ్ళో ఇంకెవరైనా అలా పిలిచి ఉంటే పళ్ళు రాలగొట్టేవాణ్ణి.

ఇదంతా కాగితంలోంచి కొట్టేశాను. ప్లీడరమ్మకెందుకు.

ఇప్పుడు అలా పిలవడం లేదు. "ఆయన్ని అన్నానికి రమ్మను" అంటుంది వాళ్ళమ్మతో. నాకేమీ బాధ లేదు. నా పేరు పుల్లయ్య, మీసాలు కాదు.

నవంబరు 10

ఆధార్ కార్డులన్నీ తీశాను. నా కార్డులో నాకు డెబ్భై ఏళ్ళు. కార్డులు తీసినప్పుడు ఎప్పుడు పుట్టావని అడిగితే, సాగర్ కాలవకు మొదటిసారి నీళ్ళొదిలినప్పుడు మా నాన్న భుజం మీద కూర్చుని చూశానని చెప్పాను. అప్పటికి నాకు నాలుగైదేళ్ళు, అంటే ఇప్పుడు అరవై రెండో మూడో. కార్డు తీసే మనిషి నా తల వైపు చూసి, 1955 జనవరి ఒకటి అని టైపు కొట్టేశాడు. ఎద్దు వయసు పళ్ళు చూసి చెప్పాలి, జుట్టు చూసి కాదు. ఆ మాత్రం తెలియనివాళ్ళకు కంప్యూటర్లు ఇస్తారు.

నవంబరు 11, మంగళవారం

కాగితాలు సరిపోయాయో లేదో చూపించుకోవడానికి గురజాల వెళ్ళాను. ప్లీడరమ్మ కోర్టులో ఉంది. వసీం ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి, బట్టతల, చెవిలో పెన్ను. కుసుమ మొదటి భర్త మరణ పత్రం చూశాడు, మా పెళ్ళి ఫోటో చూశాడు. ఫోటోలో మా ఇద్దరి మధ్య నిఖిత నోట్లో లడ్డు కుక్కుకుని ఉంది. అన్నీ సరిపోయాయన్నాడు.

తర్వాత ఫీజు మాట వచ్చింది. మా సంతలో ధర నోటితో చెప్పం. చుట్టూ నలుగురు వింటుంటారు. భుజం మీది తువ్వాలు ఎదుటివాడి చేతి మీద కప్పి, లోపల వేళ్ళు పట్టుకుంటాం. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత. ఎదుటివాడికి నచ్చకపోతే అరచేతి మీద ఒక్కటి చరుస్తాడు. నచ్చితే బొటనవేలు నొక్కుతాడు. నొక్కాడంటే ఇక తిరుగు లేదు. నేను అలవాటు కొద్దీ తువ్వాలు తీసి వసీం చేతి మీద కప్పి మూడు వేళ్ళు పట్టుకున్నాను.

వసీం కుర్చీ వెనక్కి పడేంత పని చేశాడు. "ఏంది పెద్దాయనా ఇది! పైన కెమెరా ఉంది! మేం అట్టాంటియ్యి తీసుకోం!"

"తీసుకోటానికి నేనేమన్నా ఇచ్చానా?"

"మరి తువ్వాలు కింద ఏందది?"

"నా వేళ్ళు!"

బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ళు నవ్వారు. నేను విషయం చెప్పాక వసీం చెమట తుడుచుకున్నాడు. "ఫీజు పట్టీ అదుగో, గోడకుంది. మేడం దగ్గర మాత్రం ఈ పని చెయ్యమాక పెద్దాయనా, నా ఉద్యోగం పోద్ది" అన్నాడు.

నేను లేచేటప్పుడు అడిగాడు. "పాప ఒప్పుకుంటది గదా?"

"దానికేంది, ఒప్పుకుంటది."

"పోయిన నెల ఒకాయన నీకుమల్లేనే చెప్పాడు. పిల్ల తల అడ్డంగా ఊపింది. మేడం ఫైలు మూసేసింది. ఒకసారి మూస్తే మళ్ళా తియ్యదు."

బస్సులో తలుపు పక్కన నిలబడే వచ్చాను. సీట్లు ఖాళీగానే ఉన్నాయి.

నవంబరు 12

వసీం సంగతి కుసుమకు చెప్పాను. పొయ్యి మీద పులుసు మాడేదాకా నవ్వింది. లోపలి గదిలో నిఖిత చదువుకుంటోంది. అక్కడి నుంచి కూడా ఒక చప్పుడు వచ్చింది. నవ్వో దగ్గో తెలియలేదు.

దానికి ఆ తువ్వాలు బేరం నేనే నేర్పాను. ఆరేళ్ళప్పుడు నా వెంట సంతకు వచ్చి రెండు గంటల్లో పట్టేసింది. తర్వాత ఇంట్లో ఏం కావాలన్నా తువ్వాలు లాగేది. ఒక వేలు పట్టుకుంటే గోలీ సోడా. రెండు పట్టుకుంటే సంతకు నన్నూ తీసుకుపో. మూడు పట్టుకుంటే అమ్మకు చెప్పొద్దు. నేను అరచేతి మీద చరిస్తే మళ్ళీ పట్టుకునేది. బొటనవేలు నొక్కేదాకా వదిలేది కాదు. అంత గట్టి బేరగాణ్ణి నేను సంతలో కూడా చూడలేదు.

ఎనిమిదో తరగతికి వచ్చాక మానేసింది.

నవంబరు 14, శుక్రవారం

మా అక్క ఆదిలక్ష్మమ్మ పిలిచింది. వెనక వీధిలోనే ఉంటుంది. మజ్జిగ ఇచ్చి మొదలుపెట్టింది.

"ఒరేయ్ పుల్లిగా, ఆ పిల్ల నీ ఇంట్లోనే ఉంటంది, నీ కూడే తింటంది. ఇంకా కాగితమెందుకురా?"

"ఏ పనికైనా కాగితం ఉండాలక్కా."

"నీ జన్మలో ఏ ఎద్దుకి రాశావురా కాగితం?"

వేరే మాట చెప్పాను. "పది సర్టిఫికెట్టు మీద పేరు పడితే మారదంట. రేపు దానికి ఒళ్ళు బాగోక ఆసుపత్రిలో పెడితే, సంతకం పెట్టబోయినప్పుడల్లా నువ్వేమవుతావు అంటారు."

"మరి చచ్చిపోయిన దాని తండ్రి?"

"ఆయన పేరెవరు తుడుస్తన్నారు? ఆయన ఫోటో నా ఇంట్లో గోడ మీదే ఉంది. ఏటా దండేసేది నేనే."

అక్క గొంతు తగ్గించి, "నువ్వేమవుతావని అడిగితే బళ్ళో ఏం చెప్పొచ్చావో ఊరందరికీ తెలుసులేరా" అంది.

మజ్జిగ సగంలో పెట్టి వచ్చేశాను. పులిసిపోయింది కూడా.

నవంబరు 15

ఇది ప్లీడరమ్మ కాగితంలో రాయను. ఇక్కడ రాసి ఈ పేజీ చింపేస్తాను.

అక్టోబరు ఇరవై ఐదున మాచర్లలో దాని బళ్ళో తల్లిదండ్రుల మీటింగు. కుసుమకు జ్వరం. నేను వెళ్ళాను. అందరూ కుర్ర తండ్రులే. ప్యాంట్లు, బూట్లు. నేను పంచె, తువ్వాలు, తెల్లమీసం. టీచరమ్మ మంచిదే, నవ్వుతూనే అడిగింది. "నిఖిత వాళ్ళ తాతగారా?"

నిఖిత ఏదో చెప్పబోయింది. నేను దాని కంటే ముందు అందుకున్నాను. "నేనేం కానమ్మా. పిల్లని దింపటానికొచ్చా."

అని బయటకు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాను.

పిల్ల మంచికే అన్నాను. దాని స్నేహితురాళ్ళు నవ్వకూడదని అన్నాను.

వాళ్ళు నవ్వితే దానికి పోయేదేమీ లేదు. అది ఎవరినైనా నోటితో గెలుస్తుంది. నవ్వితే తట్టుకోలేనిది నేను.

బస్సులో అది పత్తి మూట పెట్టుకున్న ఒకామె పక్కన కూర్చుంది. నా పక్క సీటు మాచర్ల నుంచి ఊరిదాకా ఖాళీ.

అది ఏం చెప్పబోయిందో నేను విననే లేదు.

నవంబరు 16

పేజీ చింపలేదు. చింపితే వెనక పేజీ కూడా ఊడేటట్టుంది.

నవంబరు 17, సోమవారం

మధ్యాహ్నం గోలీ సోడా తెచ్చి దాని పుస్తకాల పక్కన పెట్టాను. అది పేజీ తిప్పింది. సాయంత్రానికి ఖాళీ సీసా కడిగి గుమ్మంలో పెట్టి ఉంది.

తాగిందన్నమాట. దాహం వేసి ఉంటుంది.

ప్లీడరమ్మ ఏమడుగుతుందో, నేనేం చెప్పాలో గేదె ముందు నిలబడి మూడుసార్లు అప్పజెప్పాను. మూడోసారి కుసుమ వెనక నుంచి వింది.

"ఏమయ్యా, గేదె ఒప్పుకుందిగా. ఆ మాట అసలు పిల్లకి చెప్పరాదా?"

"నేను దానికి చెప్పేదేంది? పెద్దోణ్ణి."

"సరే, గేదెనే దత్తత తీసుకో."

నవంబరు 18

మీసానికి రంగు వేశాను. డెబ్భై ఏళ్ళ కార్డు చూసి ప్లీడరమ్మ కాదంటుందేమోనని. పొట్లం మీద పది నిమిషాలు అని రాసి ఉందట. నేను గంట ఉంచాను, గట్టిగా పట్టాలని. మీసం నల్లబడింది. మీసం కింద మూతి కూడా నల్లబడింది. కొబ్బరి నూనె పెట్టి రుద్దాను, పీచు పెట్టి రుద్దాను. పోలేదు.

"ఏమయ్యా, మూతి మీద తారు రోడ్డేశారా?" అంది కుసుమ.

నిఖిత గదిలోంచి వచ్చింది, చూసింది, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. దిండు అడ్డం పెట్టుకుని నవ్వితే వినపడదనుకుంటుంది.

నవంబరు 19

రేపే. మూతి మీద నలుపు పోలేదు.

నవంబరు 20, గురువారం

వరసగా రాస్తాను. తర్వాత మర్చిపోతే నాకే నష్టం.

ముగ్గురం పొద్దున బస్సులో వెళ్ళాం. నిఖిత వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. ప్లీడరమ్మ చిన్న గది. ఆమెకు యాభై ఉంటాయి, కళ్ళజోడు, మెత్తటి గొంతు. ముందు నా మూతి చూసింది. ఏమీ అనలేదు. చదువుకున్నవాళ్ళ మర్యాద అది. నేను రాసిన కాగితం చదివింది. ఒకచోట ఆగి నవ్వుకుంది. "నాకు ఎవరి దయా అక్కర్లేదు" అన్న ముక్క కొట్టేయడం మర్చిపోయానని అప్పుడు గుర్తొచ్చింది.

కాగితం పక్కన పెట్టి నిఖిత వైపు తిరిగింది. "చెప్పమ్మా. ఈయన నీకేమవుతారు?"

ఫ్యాను తిరుగుతోంది. మూలన వసీం కంప్యూటరు కొట్టడం ఆపేశాడు. నేను గేదెకు అప్పజెప్పిందంతా ఎక్కడికి పోయిందో పోయింది.

"ముందు ఆయన్ని అడగండి మేడం," అంది నిఖిత. "ఆ రోజు బళ్ళో నేను చెప్పబోయా. నన్ను చెప్పనీకుండా నేనేం కానన్నాడు."

కుసుమ తల వంచుకుంది. ప్లీడరమ్మ పెన్ను మూత పెట్టింది. ఆ చప్పుడు నాకు ఫైలు మూసినట్టే వినపడింది.

"నిజమేనా పుల్లయ్య గారూ?"

ముసలి ఎద్దును పడుచు ఎద్దని అమ్మినవాణ్ణి. నోట్లోంచి అబద్ధం రావడానికి నాకు అరక్షణం చాలు. అక్కడ రాలేదు.

"నిజమేనమ్మా," అన్నాను. "అందరూ కుర్రోళ్ళు. నాకు సిగ్గేసింది. పిల్లని చూసి కాదు, నన్ను చూసుకుని. పిల్ల కోసం అన్నానని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నా. తప్పు నాదే. అది నా కూతురు. బళ్ళో చెప్పాల్సింది ఇప్పుడు చెప్తన్నా. ఇంకెవరడిగినా ఇదే చెప్తా."

నా జన్మలో తప్పు నాదని అన్నది అదే మొదటిసారి. దగ్గాను.

నిఖిత నా వైపు తిరిగింది. ఇరవై ఆరు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట ఇది:

"సిగ్గేస్తే మూతికి రంగేసుకుంటారా ఎవరన్నా?"

వసీం నవ్వబోయి ఆపుకున్నాడు.

అది లేచి నా దగ్గరికొచ్చింది. నా భుజం మీది తువ్వాలు లాగి నా చేతి మీద కప్పింది. లోపల చేయి పెట్టింది. ముందు నా అరచేతి మీద ఒక్కటి చరిచింది. గట్టిగా. ఇప్పటికీ మంటగానే ఉంది. బేరం పోయిందనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను.

తర్వాత బొటనవేలు పట్టుకుని నొక్కింది. నొక్కి వదల్లేదు.

"ఏం జరుగుతోంది అక్కడ?" అంది ప్లీడరమ్మ.

"మేడం, నేను మీకు చెప్పిన తువ్వాలు ఇదే!" అన్నాడు వసీం.

"బేరమమ్మా," అన్నాను నేను.

"ఏమయింది?"

"కుదిరింది."

"నాకు తువ్వాలు భాష రాదు. నిఖితా, నువ్వు నోటితో చెప్పాలి తల్లీ."

"ఒప్పుకుంటున్నా మేడం," అంది నిఖిత.

ప్లీడరమ్మ పెన్ను మూత తీసింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నిఖిత నా పక్కన కూర్చుంది. పిడికిట్లో తువ్వాలు కొస పట్టుకుని నిద్రపోయింది. మీసాలూ అని పిలవలేదు ఇంకా. నేనేమీ ఎదురుచూడటం లేదు.

నవంబరు 28, శుక్రవారం

రిజిస్ట్రేషన్ అయింది. కాగితం ఒక్కటే చాలదు, సాక్షుల ముందు తల్లి ఇవ్వాలి, నేను పుచ్చుకోవాలి అని ప్లీడరమ్మ ముందే చెప్పింది. కుసుమ దాని చేయి తీసుకుని నా చేతిలో పెట్టింది. "ఇదుగో, ఇస్తన్నా. నోరెక్కువ, చూసుకో" అంది. అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పుచ్చుకున్నాను.

మా అక్క సాక్షి సంతకానికి పట్టుచీర కట్టుకుని వచ్చింది. వేలిముద్ర వేసి, సిరా ఘాటుకి కళ్ళు మండుతున్నాయంది. వేలిముద్ర సిరాకు ఘాటు ఉండదు. నేను చాలా వేశాను.

డిసెంబరు 3

పిల్లకు పదిహేను నిండాయి. అన్నం ఎక్కువ తిన్నాను.

డిసెంబరు 6, శనివారం

మళ్ళీ బళ్ళో మీటింగు. కుసుమకు జ్వరం లేదు, అయినా నేనే వెళ్ళాను. పంచె, తువ్వాలు. మీసానికి మళ్ళీ రంగు వేయలేదు, పాతది సగం దిగిపోయి ఎద్దు కొమ్ములా రెండు రంగుల్లో ఉంది. ముందు వరసలో కూర్చున్నాను.

అదే టీచరమ్మ. నన్ను గుర్తుపట్టినట్టే ఉంది. నన్ను చూసి, పిల్లను చూసి, "ఈయన..." అని ఆగింది.

చెప్పాల్సింది నా నాలిక చివరే ఉంది. బజారంతా వినపడేట్టు చెబుదామని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. కానీ నిఖిత నోరు తెరవబోయింది. నేను పళ్ళు బిగించి ఊరుకున్నాను. ఈసారి దాని మాట పూర్తిగా వినాలి.

"మా నాన్న మేడం," అంది. పుస్తకంలో ఉన్నది చదివినట్టు, మామూలుగా. ఆ రోజు చెప్పబోయింది కూడా ఇదేనట, తర్వాత అడిగితే చెప్పింది.

టీచరమ్మ రిజిస్టరు నా వైపు తిప్పి, ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించింది. నాకు గీత సరిగ్గా కనపడలేదు. కళ్ళజోడు తెచ్చుకోవాల్సింది.

నిఖిత మోచేత్తో పొడిచింది.

"మీసాలూ, పెన్ను తెచ్చావా?"

తెచ్చాను. రెండు తెచ్చాను.